మండుటెండలో వానవాసన

ఆ మాఘమాసపు ఉదయం తుంగభద్రా ఘ్రాణ పరిశోధనాలయపు సమావేశ మందిరంలో హాజరైనవారు, కూర్చున్న వరుసలో చెప్పాలంటే వీరు: నైతిక సంఘాధ్యక్షులు, విశ్రాంత జిల్లా న్యాయమూర్తి ఓబులరెడ్డి గారు, ఆయనకు కుడివైపున శిశువైద్యులు డాక్టర్ నూరుల్లా గారు, ఎడమవైపున ప్రసూతి విభాగపు పెద్ద నర్సు కరుణమ్మ, వారికి ఎదురుగా పరిశోధనాలయ సంచాలకురాలు డాక్టర్ వైదేహి, బల్ల చివర, కుర్చీని అరచేతి వెడల్పు వెనక్కి జరుపుకొని, వైదేహి తండ్రి ఆలూరు నరహరిరావు గారు. ఆయన భార్య రుక్మాబాయిని కూడా పిలిచారు గాని ఆమె లోపలికి రాలేదు. వరండాలో బెంచీ మీద కూర్చుని, తెరిచి ఉన్న తలుపులోంచి అంతా వింటున్నది.

నరహరిరావు గారు కర్నూలు నగరానికి నీరందించే శాఖలో రసాయనవేత్తగా పనిచేసి పదవీ విరమణ చేసినవారు. నదినుంచి వచ్చిన నీటిని గాజుసీసాలో కొద్దిగా వెచ్చజేసి, మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకోవడం ఆయన ప్రతి ఉదయం చేసిన పని. వేసవిలో నది సన్నబడి పాచి పెరిగినప్పుడు నీటికి మట్టివాసన పడుతుంది. దానివల్ల ప్రమాదం లేదు గాని జనం ఆ నీరు తాగరు, బిందెలు పట్టుకుని కచేరీకి వస్తారు. వాళ్లు రావడానికి రెండు రోజుల ముందే ఆయన ఆ వాసన పసిగట్టి నీటిలో బొగ్గుపొడి కలిపించేవారు. తరువాత్తరువాత యంత్రాలు వచ్చాయి. ఆయన యంత్రంతో తన ముక్కును సరిచూసుకోలేదు. యంత్రమే తనతో సరిచూసుకోవాలన్నది ఆయన అభిప్రాయం.

"మీ కుమార్తె చేయబోయే ప్రయోగానికి మీరే ముందుకు రావడం సంఘానికి ఇబ్బందిగా ఉంది, రావుగారూ," అన్నారు ఓబులరెడ్డి గారు.

"మీరు పరీక్షించినవారిలో నాకంటె మెరుగైన ముక్కు ఒక్కటి చూపించండి. ఇప్పుడే లేచి ఇంటికి పోతాను."

నూరుల్లా గారు నవ్వారు. "లేదు సార్. అదే కదా ఇబ్బంది."

న్యాయమూర్తి వైదేహి వైపు తిరిగి, ఈ ప్రయోగం దేనికో తనకు అర్థమయ్యే మాటల్లో చెప్పమన్నారు. ఆమె నూరుల్లా గారిని చూసింది. ఆయనే మొదలుపెట్టారు.

"పుట్టిన నాలుగైదు రోజుల బిడ్డకు నెత్తురులో ఇన్ఫెక్షన్ చేరుతుందనుకోండి. పైకి ఏమీ తెలియదు. పాలు తాగుతుంది, నిద్రపోతుంది. తెలిసేసరికి చల్లబడిపోతుంది. మందు ఉంది సార్, నా దగ్గర మంచి మందు ఉంది. వేళ మాత్రం ఉండదు. ఒక్క పూట ముందు తెలిస్తే చాలు."

"ఆ ఒక్క పూట ముందు బిడ్డ మాడునుంచి ఒక పదార్థం వెలువడుతుంది," అన్నది వైదేహి. "సీసాలో పట్టితే నిమిషంలో విరిగిపోతుంది, అందుకే దాని పేరు ఇంకా ఎవరికీ తెలియదు. కాని దాన్ని పట్టే గ్రాహకం ఒకప్పుడు మన పూర్వీకుల ముక్కులో ఉండేది. మన ముక్కులో ఒక్కో కణం ఒక్కో రకం గ్రాహకాన్నే ధరిస్తుంది, ఆ గ్రాహకాన్ని తయారుచేసే సూచన ఒక జన్యువులో ఉంటుంది. అలాంటి జన్యువులు నాలుగు వందల వరకూ మనలో పనిచేస్తున్నాయి. అంతకంటె ఎక్కువ మూగబోయి ఉన్నాయి. చచ్చిపోలేదు, వంశంలో అలాగే వస్తున్నాయి. వాటిలో ఒకదాన్ని నేను గాజుపలక మీద కణాల్లో మాట్లాడించాను. జబ్బుపడిన బిడ్డ మాడు మీది గాలి తగిలితే ఆ కణాలు పచ్చగా వెలుగుతాయి. కాని అప్పటికే బిడ్డ చల్లబడి ఉంటుంది. గాజుపలకకు చెవుడు సార్. ముందుగా వినాలంటే ముక్కే కావాలి."

"అయితే ఆ జన్యువును ముక్కులో చుక్కలుగా వేస్తారు. ఇందులో నష్టమేమిటి?"

"ఒక్కో కణంలో ఒక్కరికే చోటు. ఇది కూర్చోవాలంటే ఇంకొకటి లేవాలి. చెరువంత నీటిలో ఒక్క చుక్క ఉన్నా పట్టగలిగే కణాలు మనిషికి ఒక్క రకమే ఉన్నాయి. ఇంత సన్నని వాసన వాటికే అందుతుంది, కనుక దీన్ని వాటిలోనే కూర్చోబెట్టాలి."

"ఏ వాసన పట్టే కణాలు అవి?"

"మట్టివాసన. తడిసిన నేల, కొత్తకుండ, తొలకరి. అదంతా పోతుంది. తిరిగి రాదు."

వరండాలో గాజులు కదిలాయి. రుక్మాబాయి లేచి గుమ్మం దాకా వచ్చింది గాని గుమ్మం దాటలేదు.

"నా మాట ఒకటి రాసుకోండి," అన్నది న్యాయమూర్తితో. "మా ఇంట్లో వానను మొదట ఈయన ముక్కు చూస్తుంది, ఆ తరువాతే ఆకాశం చూస్తుంది. నేను కాపురానికి వచ్చిన వేసవినుంచి ఈనాటి దాకా మిద్దె మీద ఒక్క వడియం తడవలేదు. ఎక్కడున్నా కబురు పంపేవారు, వానొస్తోంది దించమని. ఎవరి బిడ్డకోసమో ఇస్తానంటే నేను వద్దనను. నా వడియాలకు పూచీ ఎవరిదో అది కూడా తీర్మానంలో ఉండాలి."

ఓబులరెడ్డి గారు నవ్వలేదు. "పూచీ సంఘానిది," అన్నారు.

*

చుక్కలు వేసిన తరువాత మొదట ఏమీ జరగలేదు. ముక్కులోని కణాలు రాలిపోయి కొత్తవి పుట్టాలి, ఆ పుట్టినవి కొత్త గ్రాహకంతో పుట్టాలి. నరహరిరావు గారు రోజూ స్నానమయ్యాక పెరట్లో ఒక మట్టిగడ్డ తీసి, దానిమీద చెంబుతో నీళ్లు చిలకరించి, కళ్లు మూసుకుని వాసన చూసేవారు. మొదట్లో నల్లరేగడి వాసన తన బరువుతో సహా వచ్చేది. తరువాత పక్కవీధిలో ఎవరో నేల తడిపినట్టుగా వచ్చింది. ఆ పైన ఎప్పుడో విని మరిచిన మాటలా, వచ్చిందా లేదా అన్న సందేహంగా మిగిలింది. మల్లెపూలు, ఇంగువ, కాఫీ, గంధం, పక్కింటివారి చేపలపులుసు, అన్నీ ఉన్నాయి. ప్రపంచంలో ఏదీ తగ్గలేదు, అడుగున నేల ఒక్కటి లేదు.

ఉగాది వెళ్లిన వారంలో రుక్మాబాయి గ్లాసుతో నీళ్లిచ్చింది. ఆయన తాగి, గ్లాసును వెలుగుకు పట్టి చూశారు.

"కుండ మార్చలేదా ఈ ఏడు?"

"నిన్ననే కుమ్మరింటినుంచి తెప్పించాను. కొత్త కుండే."

ఆయన మిగిలిన నీళ్లు కూడా తాగి, "చల్లగా ఉన్నాయి," అన్నారు. ఆమె గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ మరునాటినుంచి ఆయన పరిశోధనాలయానికి ఆనుకుని ఉన్న ప్రసూతి వైద్యశాలకు వెళ్లసాగారు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవడం, తొట్టి ముందు చేతులు వెనక్కి కట్టుకుని నడుము వంచడం, మాడుకు బెత్తెడు దూరంలో ఒక్క ఊపిరి. తల్లులకు ప్రయోగం సంగతి చెప్పి, సమ్మతి తీసుకున్నారు. కాని వాళ్లు దాన్ని ప్రయోగంగా తీసుకోలేదు. ఊరినుంచి వచ్చిన పెద్దవారు బిడ్డను దగ్గరికి తీసుకుని మాడు వాసన చూడడం వాళ్లకు తెలిసిన దీవెనే. దీవెన కాబట్టి ఎవరి బిడ్డనూ వదలకూడదు.

ఆ వంగడంలో నరహరిరావు గారికి ఒక ఆలోచన కలిగింది. పురాణాల్లో తండ్రులు చాలాకాలానికి తిరిగి వచ్చిన కొడుకుల శిరస్సు ఆఘ్రాణించడం చిన్ననాడు చదివి, ముద్దు పెట్టుకోక ఇదేమి ఆచారమని నవ్వుకున్నారు. ఎన్నివేల తరాల కింద ఏ తల్లి ఏ గుహలో బిడ్డ తలమీద ముక్కు ఆనించి, భయపడి, లేక భయం తీరి, తల ఎత్తి ఉంటుంది? ఆ ఇంద్రియం మూగబోయింది. ఎందుకు వంగుతున్నారో మరిచిపోయి కూడా మనుషులు వంగడం మానలేదు.

సాయంకాలం వైదేహి తండ్రిని ప్రతిరోజూ ఒకే ప్రశ్న అడిగేది.

"కొత్త వాసన ఏదైనా తగిలిందా నాన్నా?"

"కొత్తది ఏదీ లేదు."

అడిగినదానికి అడిగినంతే జవాబు చెప్పడం ఆయనకు ఉద్యోగంలో పట్టుబడిన అలవాటు. ఎక్కువ చెప్పేవాణ్ణి ఆయన సాక్షిగా అంగీకరించేవారు కారు.

శ్రీరామనవమి మరునాడు మధ్యాహ్నం మాత్రం ఒక వింత జరిగింది. వార్డులో ఎండ చొరకుండా కిటికీలు మూసి, ముతక తెరలు దించి ఉన్నాయి. తలుపు పక్క తొట్టిలో ఉన్న ఆడబిడ్డ మీద ఆయన వంగి లేచేసరికి వానవాసన వచ్చింది. అనుమానం లేదు, తొలకరే. పూర్తిగా పోలేదన్నమాట, పెరట్లోని మట్టిగడ్డ అందని ముక్కుకు ఆకాశమంతటి వాన అందిందన్నమాట. ఆనందం ఎంత కలిగిందో అంత సిగ్గూ కలిగింది, ఎందుకంటే పాత వాసన మిగిలి ఉన్నదంటే కూతురి ప్రయోగం ఆ మేరకు ఓడినట్టే. ఆయన వరండాలోకి పోయి, ఆకాశం వంకైనా చూడకుండా, అలవాటు ప్రకారం ఇంటికి ఫోన్ చేశారు.

"రుక్మా, వానొస్తోంది. వడియాలు దించు."

సాయంత్రం వైదేహి అడిగింది. కొత్తది ఏదీ లేదన్నారు. అది నిజమే.

*

చైత్రం ముగుస్తున్నది. ఆ రోజు భోజనాల దగ్గర వైదేహి ముద్ద ఎత్తడం లేదు. పరిశోధనాలయంలో పొద్దున్నే నిర్ణయం జరిగింది, నెలాఖరుతో ప్రయోగం ఆపివేయాలని. అంతకు ముందురోజు మూలతొట్టిలోని బిడ్డ పోయాడు. నరహరిరావు గారు ఆ బిడ్డమీద కూడా వంగారు. నూరుల్లా గారు మందు మొదలుపెట్టేసరికే వేళ మించిపోయింది.

"మీ నాన్న ముక్కు తీసుకుని మీరేం బాగుపడ్డారో నాకు తెలియదుగాని," అన్నది రుక్మాబాయి చారు వడ్డిస్తూ, "నా కొంప మాత్రం ముంచారు. ఆ ముక్కుకు పిచ్చెక్కింది."

"రుక్మా," అన్నారు ఆయన.

"ఎందుకు చెప్పకూడదు? మొన్న సోమవారం మిట్టమధ్యాహ్నం ఫోన్, వానొస్తోంది వడియాలు దించమని. గుమ్మడికాయ వడియాలు, పొద్దున్నే పెట్టాను, చెయ్యి పెడితే అంటుకుంటున్నాయి. మిద్దె మీద అరికాళ్లు బొబ్బలెక్కాయి. పైన చూస్తే గద్ద కూడా లేదు. పక్కింటి లలితమ్మ పిట్టగోడ ఎక్కి మరీ నవ్వింది. ఏం రుక్మక్కా, మీకొక్కరికే వేరే ఆకాశం పంపించారా అని. పోనీ అదొక్కసారి అనుకుంటే, శ్రీరామనవమి మరునాడూ ఇదే ఆట."

"మరి దించావా?" అన్నది వైదేహి, వినీ విననట్టుగా.

"దించక? అన్నేళ్లలో ఆయన వానన్నాక వాన రాని రోజు నేను ఎరగను. రెండోసారీ దించాను. మొదటిసారి దించినవి ముక్కముక్కలై బూజుపట్టాయి. అయినా దించాను."

వైదేహి చేయి విస్తరిలోనే ఆగిపోయింది. శ్రీరామనవమి మరునాటి రాత్రి తలుపు పక్క తొట్టిలోని ఆడబిడ్డకు జ్వరం వచ్చింది. ఎంతో కష్టం మీద దక్కింది. మొన్న సోమవారం.

"నాన్నా, ఆ వార్డులో కిటికీలు మూసి ఉంటాయి. మీకు వానవాసన ఎక్కడినుంచి వచ్చింది?"

ఆయన విస్తరిమీదినుంచి తల ఎత్తి కూతురిని చూశారు.

"ఏ తొట్టి దగ్గర వచ్చింది?"

"మొదటిసారి తలుపు పక్కన," అన్నారు నరహరిరావు గారు. ఆ పైన, "సోమవారం... మూలతొట్టి దగ్గర."

కుళాయి చుక్క చుక్కగా కారుతున్నది. వైదేహి లేచి వెళ్లి దాన్ని కట్టి, తిరిగి వచ్చి తండ్రి ముందు నేలమీద కూర్చుంది. ఆమె గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది.

"మన వీధిగుమ్మం దగ్గర గంట మీట ఉంది కదా నాన్నా. దాన్ని నొక్కితే వంటింట్లో గంట మోగుతుంది. మేము వీధిలో మీట మార్చాం. ఇంతకాలం నేల వచ్చి నొక్కేది, ఇప్పుడు జబ్బుబిడ్డ వచ్చి నొక్కుతోంది. కాని గోడలోంచి పోయిన తీగ పాతదే. లోపల మోగే గంట పాతదే. మెదడు బయటికి వచ్చి ఎవరు నొక్కారో చూడదు. దానికి తెలిసింది ఆ తీగ ఒక్కటే. ఆ తీగ కదిలితే వాన అంటుంది."

నరహరిరావు గారు ఎంగిలిచేయి ఎండిపోతున్నా కదలలేదు.

"నువ్వు కొత్త వాసన ఏదని అడిగావు," అన్నారు చివరికి. "నేను కొత్తది లేదన్నాను. రెండూ తప్పు కాదు."

"పాతది ఏదైనా వచ్చిందా అని నేను అడగలేదు."

"మూలతొట్టి బిడ్డ," అని మొదలుపెట్టి ఆయన ఆగిపోయారు. ఆ వాక్యాన్ని ఆయన ఆనాడు గాని తరువాత గాని పూర్తి చేయలేదు. రుక్మాబాయి ఆయన విస్తరిలో మజ్జిగ పోసి, పక్కనే కూర్చుండిపోయింది.

*

రోహిణికార్తెలో కర్నూలు ఎండ గురించి కర్నూలు వారికి చెప్పనక్కరలేదు. వీధిలో కుక్కలు కాలువ తూముల్లో పడుకుంటాయి. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంటుంది. అటువంటి ఒక ఉదయం నరహరిరావు గారు మళ్లీ వార్డులోకి వచ్చారు. వెనుక వైదేహి, నూరుల్లా గారు, కరుణమ్మ. ప్రయోగం ఆపాలన్న నిర్ణయం రద్దయింది, అడగవలసిన ప్రశ్న ఇప్పుడు అందరికీ తెలుసు. మారుమూల వార్డుల్లోకి కూడా కబురు పాకి, నర్సులు తలుపుల దగ్గర నిలబడ్డారు.

ఆయన ఒక్కొక్క తొట్టి దగ్గర వంగి లేస్తున్నారు. పాలు, నూనె, ఉతికిన గుడ్డ. మళ్లీ పాలు, నూనె. వరుస ముగిసింది. ఏ తొట్టిలోనూ వాన లేదు. నూరుల్లా గారు గడియారం చూసుకున్నారు.

"అందరి పిల్లోళ్ల నెత్తీ వాసన జూస్తివి, మావోన్ని ఇడిసిపెడ్తివి కదా తాతా," అన్నది గోడవారగా కూర్చున్న మద్దమ్మ అనే బాలింత. పత్తికొండ తట్టునుంచి కాన్పుకు వచ్చిన పిల్ల. ఒళ్లో బిడ్డ చప్పరిస్తూ పాలు తాగుతున్నాడు.

"పాలు తాగుతున్నాడు కదమ్మా, తరువాత చూస్తాను."

"తాగనీ. నెత్తితో తాగుతాడా యేంది."

కరుణమ్మ నవ్వు ఆపుకున్నది. నరహరిరావు గారు ఆ తల్లి ముందు ఒక మోకాలు నేలకు ఆనించి, వంగి, ఒక్క ఊపిరి తీసుకున్నారు.

వాన వచ్చింది.

అది ఇదివరకటి సన్నని వాసన కాదు. నెర్రెలు విచ్చిన నల్లరేగడి మొత్తం ఒక్కసారి నోరు తెరిచినట్టు, చినుకు పడ్డచోటల్లా ధూళి పైకి లేచి చల్లబడినట్టు, ఏడాదిగా మూసి ఉన్న భూమి తలుపు ఎవరో తీసినట్టు వచ్చింది. చిన్నప్పుడు తడిసిన బడిబాట, ఉద్యోగం వచ్చిననాటి నదిగట్టు, రుక్మాబాయి పరుగెత్తి మిద్దె ఎక్కిన మొదటి వేసవి, అన్నీ ఆ పిడికెడంత తలమీదినుంచి లేచాయి. లోకంలో ఇంకెక్కడా ఆయనకు లేని నేల, ఇక్కడ, ఒక బిడ్డ మాడు మీద ఉంది. ఆయన అవసరానికి మించి ఇంకొక ఊపిరి పీల్చారు. పీల్చినందుకు వెంటనే సిగ్గుపడి తల ఎత్తారు.

"డాక్టర్‌గారూ," అన్నారు. "ఇక్కడ కురుస్తోంది."

నూరుల్లా గారు బిడ్డను తీసుకుని వెలుగులో చూశారు. ఒళ్లు వెచ్చగా ఉంది. గుండె, ఊపిరి, రంగు, అన్నీ సరిగా ఉన్నాయి. పాలు తప్పించినందుకు బిడ్డ కోపంగా ఏడ్చాడు, ఆరోగ్యంగా ఏడ్చాడు.

"వీడిలో నాకు ఏ రోగమూ కనిపించడం లేదు సార్."

"నాకూ కనిపించడం లేదు."

"ఏమైంది సారూ?" అన్నది మద్దమ్మ. ఆమె చేతులు ఖాళీగా ముందుకు చాపి ఉన్నాయి.

నూరుల్లా గారు ఆ చేతులను చూశారు. బాగున్న బిడ్డ నరంలో సూది గుచ్చాలి, బలమైన మందు ఎక్కించాలి, అదీ మండుటెండలో వాన కురుస్తోందన్న ఒక పెద్దమనిషి మాటమీద. ఆయన చదివిన చదువులో దానికి అనుమతి లేదు.

"అమ్మా, నీ కొడుకు ఇప్పుడు బాగున్నాడు," అన్నారు తల్లి పక్కన కూర్చుని. "ఈ తాతకు మాత్రం అనుమానంగా ఉంది. ఆయన అన్నట్టు జబ్బు ఉంటే, అది నాకు కనిపించేదాకా ఆగితే ఆలస్యమవుతుంది. లేకపోతే నేను ఊరికే సూది గుచ్చినవాణ్ణి అవుతాను. గుచ్చనా?"

మద్దమ్మ నరహరిరావు గారి ముఖంలోకి చూసింది. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి, ఎందుకో ఆమెకు తెలియదు.

"గుచ్చండి సారూ," అన్నది.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు బిడ్డ పాలు మానేశాడు. అరికాళ్లు చల్లబడ్డాయి. అప్పటికి మందు నెత్తురులో చేరి చాలాసేపయింది. ఉదయం తీసిన నెత్తురులో సూక్ష్మజీవులు ఉన్నాయని తరువాత పరీక్షలో తేలింది. నూరుల్లా గారు ఆ కాగితం చూసి, కిటికీ దగ్గరికి పోయి, తెర తొలగించి, మబ్బులేని ఆకాశాన్ని చూస్తూ నిలబడ్డారు.

నరహరిరావు గారు రోజూ వచ్చి ఆ మాడు మీద వంగేవారు. కుండపోత జల్లయింది. జల్లు తుంపర అయింది. ఒకనాటి ఉదయం పాలు, నూనె, ఉతికిన గుడ్డ తప్ప మరేమీ లేదు.

"వెలిసింది," అన్నారు మద్దమ్మతో.

ఆమెకు ఆ మాట అర్థం కాలేదు గాని అర్థమైనట్టే ఏడ్చింది.

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ ఆయన తనకు మిగిలినదేమిటో మొదటిసారి స్పష్టంగా చూసుకున్నారు. నేలవాసన ఆయనకు పోలేదు. కాని ఇకమీదట అది రావాలంటే ఎక్కడో ఒక బిడ్డ జబ్బుపడాలి. తనకు అన్నిటికంటె ఇష్టమైనది తనకు ఎన్నడూ దొరకకూడదని ప్రతి ఉదయం కోరుకుంటూ ఆయన ఆ వార్డు గుమ్మం దాటాలి.

*

మృగశిర ప్రవేశించిన మూడోనాడు అసలు వాన వచ్చింది.

ఆయన వార్డులోనే ఉన్నారు. కరుణమ్మ కిటికీలన్నీ తెరిపించింది. తెరలు లోపలికి ఎగిరాయి. బాలింతలందరూ ఒక్కసారి మాట ఆపి, ముఖాలు కిటికీ వైపు తిప్పి, ఊపిరి లోపలికి తీసుకున్నారు. ఎవరో "అబ్బ" అన్నారు. నూరుల్లా గారు కూడా నడక ఆపి కళ్లు మూసుకున్నారు. ఆ గదిలో ఆ వాసన అందనివారు ఒక్కరే ఉన్నారు. ఆయనకు వాన చప్పుడు వినబడుతున్నది, తడి గాలి చెంపలకు తగులుతున్నది. మూగసినిమాలోలా అంతా ఉంది, అసలుది లేదు.

ఆయన కిటికీ దగ్గరికి పోలేదు. మొదటి తొట్టిమీద వంగారు. ఏమీ లేదు. రెండో తొట్టి, ఏమీ లేదు. చివరి దాకా వెళ్లారు. బయట ఆకాశమంతా కురుస్తుండగా ఏ బిడ్డ తలమీదా ఒక్క చినుకు లేదు. చివరి తొట్టి పట్టుకుని ఆయన నిలబడ్డారు; ఏమీ లేకపోవడం ఇంత నిండుగా ఉంటుందని ఆయన అనుకోలేదు.

అప్పుడు ఫోన్ మోగింది.

"ఏమండీ," అన్నది రుక్మాబాయి. మెట్లు ఎక్కి దిగిన ఆయాసం గొంతులో ఉంది. "వానొస్తోంది. వడియాలు దించేశాను. మీకు చెబుదామని."

"ఎలా ఉంది వాసన?" అన్నారు ఆయన.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. ఆయన తొట్టి పక్కన నిలబడి, వాన వెలిసేదాకా విన్నారు.

*

ఆషాఢంలో నైతిక సంఘం మళ్లీ సమావేశమైంది. హాజరైనవారు వారే, వరుస అదే. బల్ల చివర మాత్రం రెండు కుర్చీలు వేశారు, రెండోదానిలో ఈసారి రుక్మాబాయి కూర్చుంది. నరహరిరావు గారి త్యాగాన్ని ప్రశంసిస్తూ న్యాయమూర్తి ఒక తీర్మానం సిద్ధం చేసుకొచ్చారు. ఆయన చదవడం మొదలుపెట్టగానే నరహరిరావు గారు లేచి నిలబడ్డారు.

"అభ్యంతరం, అధ్యక్షా. నేను చేసింది వంగడం. అడిగినదానికి సగం జవాబు చెప్పడం. ఈ ప్రయోగం మీరంతా మూసివేసిన తరువాత దాన్ని తెరిచినది నేను కాదు. సంఘం అనుమతిస్తే నా మాటలు నమోదు చేయండి."

"మీరేమిటండీ ఇందరిలో," అని రుక్మాబాయి ఆయన కండువా అంచు లాగింది. ఆయన కూర్చోలేదు. సంఘం అనుమతించింది. ఆయన చెప్పిన మాటలు, ఒక్క అక్షరం మార్చకుండా, ఆ నాటి కార్యవివరణ పుస్తకంలో ఇలా ఉన్నాయి:

"శ్రీమతి ఆలూరు రుక్మాబాయి గారు ఈ సంవత్సరం వేసవిలో, ఆకాశాన మబ్బుతునక లేని రెండు మధ్యాహ్నాలలో, తన భర్త వాన అన్నాడు గనుక వాన ఉంటుందని నమ్మి, ఇరుగుపొరుగు నవ్వుచుండగా, కాలుతున్న మిద్దె ఎక్కి ఆరని వడియములు దించినారు. ఆ వాన ఎక్కడ కురిసినదో మాకు తెలిసినది ఆమె ఆ రెండుసార్లు మిద్దె ఎక్కుట వలననే. నేడు బ్రతికి ఉన్న బిడ్డ ఆ నమ్మకమునకు ఋణపడి ఉన్నాడు. ఈ కార్యము ఆమెదని ఈ సంఘము లేచి నిలబడి, గౌరవపూర్వకముగా అంగీకరించి, నమోదు చేయుచున్నది."